కోట్ల యాంటీబాడీలు, గుప్పెడు జవాబులు

ఒక మనిషి రక్తం తీసుకుని, అందులోని బి కణాలను వేరుచేసి, అవి తయారుచేసే యాంటీబాడీల జన్యు వరుసలను లక్షల్లో చదవడం ఇవాళ మంచి ప్రయోగశాలలకు మామూలు పని. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షార్లెట్ డీన్ బృందం 2018లో ప్రకటించిన ఉచిత భాండాగారంలో ఇలా చదివిన వరుసలు 100 కోట్లు దాటాయి. వాటిలో ఏదో ఒక దాని మీద వేలు పెట్టి, ఇది ఏ వైరస్‌ను పట్టుకుంటుంది, ఆ మనిషి ఒంట్లో ఎందుకు పుట్టింది అని అడిగితే మాత్రం దాదాపు ప్రతిసారీ జవాబు ఉండదు. ఏది దేన్ని పట్టుకుంటుందో ప్రయోగం చేసి తేల్చినవి, అందరికీ అందుబాటులో ఉన్నవి, ప్రపంచమంతా పరిశోధించిన వ్యాధులకు కూడా వేలల్లోనే ఉన్నాయి.

ఈ ఖాళీని మెషీన్ లెర్నింగ్ పూరిస్తుందన్న ఆశతో ఎన్నో బృందాలు పనిచేస్తున్నాయి. వరుసను మాత్రమే చూసి యాంటీబాడీని వర్గీకరించాలి: ఇది ఫ్లూ మీద పనిచేసేది, ఇది మందుగా నిలబడేది, ఇది రోగి గుండెకే చేటు తెచ్చేది అని విడదీయాలి. ఈ పనులను వరుసగా చదువుతూ వస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. యంత్రానికి నేర్పడానికి కావలసిన లేబుల్, అంటే 'ఇది ఫలానా రకం' అని ముందే తేల్చి రాసిపెట్టిన గుర్తు, ఎక్కడ చవగ్గా దొరికిందో అక్కడ వర్గీకరణ బాగా కుదిరింది. ఎక్కడ ఆ గుర్తు కోసం ప్రయోగశాలలో చెమటోడ్చాలో అక్కడ ఇంకా తడబడుతోంది. లెక్క కట్టే పద్ధతుల కొరత ఈ రంగానికి లేదు. తేల్చిన జవాబుల కొరత ఉంది, అందులోనూ 'కాదు' అనే జవాబుల కొరత మరీ ఎక్కువ.

యాంటీబాడీ అంటే ఇంగ్లిష్ 'వై' అక్షరం ఆకారంలో ఉండే ప్రొటీన్. రెండు భారీ గొలుసులు, రెండు తేలిక గొలుసులు కలిస్తే ఒక యాంటీబాడీ. ఈ నిర్మాణాన్ని తేల్చినందుకే జెరాల్డ్ ఎడెల్మన్, రోడ్నీ పోర్టర్‌లకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. క్రిమిని తాకేది రెండు కొమ్ముల చివరలే. ఒక్కో గొలుసు చివర మూడు మెలికలుంటాయి. వాటిలో భారీ గొలుసు మూడో మెలిక అన్నిటికన్నా వైవిధ్యం గలది. మన జన్యువుల్లో ఏ యాంటీబాడీకీ పూర్తి పాఠం ఒకచోట రాసి ఉండదు. ముక్కలు మాత్రమే ఉంటాయి. ప్రతి బి కణం ఎదిగేటప్పుడు ఆ ముక్కల్లో కొన్నిటిని ఎంచుకుని అతికించుకుంటుంది, అతికే చోట కొన్ని అక్షరాలు ఊడిపోతాయి, కొన్ని కొత్తవి చేరతాయి. సుసుము టోనెగవా దీన్ని 1976లో నిరూపించారు, 1987లో నోబెల్ అందుకున్నారు. క్రిమి ఎదురయ్యాక ఆ వరుసలో ఉత్పరివర్తనాలు వచ్చి, గట్టిగా పట్టుకునేవి నిలుస్తాయి, మిగతావి పోతాయి.

ఫలితంగా పుట్టే వైవిధ్యం ఊహకు అందదు. 2019లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ 10 మంది రక్తం నుంచి దాదాపు 300 కోట్ల వరుసలు చదివి ఒక అంచనా కట్టింది. మనుషులు తయారుచేయగల యాంటీబాడీ రకాలు ఒకటి పక్కన 16 నుంచి 18 సున్నాలు పెట్టినన్ని ఉండవచ్చట. అంత విస్తారంలో కూడా వేర్వేరు మనుషుల మధ్య ఉమ్మడి వరుసలు యాదృచ్ఛికంగా ఉండాల్సినదానికంటే ఎక్కువే కనిపించాయి. వర్గీకరణకు ఆధారం ఆ పోలికే. ప్రతి మనిషి యాంటీబాడీలూ పూర్తిగా ఎవరివి వాళ్లవే అయితే, ఒకరి రక్తం చూసి నేర్చుకున్నది మరొకరికి పనికొచ్చేదే కాదు.

వరుసలను పోల్చి అర్థం రాబట్టడం కొత్త ఆలోచన కాదు. దీని మూలం చాలా పాతది, ఆసక్తికరమైనది. 1840లలో లండన్ వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్ ఒక రోగి మూత్రంలో ఒక వింత ప్రొటీన్ చూశాడు. అది మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌లో బయటికి వచ్చే యాంటీబాడీ తేలిక గొలుసు అని తేలడానికి వందేళ్లు పైనే పట్టింది. ఆ జబ్బులో ఒకే కణ వంశం విపరీతంగా పెరిగిపోతుంది కాబట్టి ఒకే రకం గొలుసు పుష్కలంగా దొరుకుతుంది. జన్యువులను చదివే సాధనాలు లేని రోజుల్లో యాంటీబాడీ వరుస తెలుసుకోవడానికి అదొక గొప్ప వనరు. 1970లో తాయ్ తే వూ, ఎల్విన్ కబాట్ అలాంటి వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఒక్కో స్థానంలో ఎన్ని రకాల అమైనో ఆమ్లాలు వస్తున్నాయో లెక్కగట్టారు. మూడు చోట్ల ఆ లెక్క ఒక్కసారిగా పెరిగింది. క్రిమిని తాకేవి ఆ మూడు చోట్లేనని వాళ్లు ప్రతిపాదించారు. స్ఫటిక నిర్మాణాలు ఆ తర్వాత వచ్చి అది నిజమని చూపాయి. వాళ్ల చేతిలో ఉన్నవి కొన్ని పదుల వరుసలు. ఈ రంగంలో ఇప్పటికీ నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే పని అదే. సరైన ప్రశ్న అడిగి, నమ్మదగిన కొద్దిపాటి సమాచారంతో అంత దూరం వెళ్లారు.

తర్వాత సైరస్ చోథియా, ఆర్థర్ లెస్క్ 1987లో ఆ మెలికలు ఇష్టమొచ్చినట్టు కాక కొన్ని స్థిరమైన ఆకారాల్లోనే వంగుతాయని చూపారు. 2011లో నార్త్, లేమన్, డన్‌బ్రాక్ అప్పటికి పోగైన నిర్మాణాలను కంప్యూటర్‌తో గుంపులు కట్టి ఆ జాబితాను విస్తరించారు. అయితే భారీ గొలుసు మూడో మెలిక ఈ చట్రంలో ఇమడలేదు. మరోవైపు మోంపెలియేలో మరీ-పాల్ లెఫ్రాంక్ 1989లో మొదలుపెట్టిన భాండాగారం వల్ల, ఒక యాంటీబాడీ ఏ జన్యు ముక్కల నుంచి పుట్టిందో చెప్పే వర్గీకరణ చాలా మటుకు తేలిపోయిన సమస్య అయింది. అక్కడ మెషీన్ లెర్నింగ్ అవసరం పెద్దగా లేదు, జాగ్రత్తగా కూర్చిన పట్టిక చాలు. ఆ పట్టికలో ఎవరి జన్యువులు ఉన్నాయన్నది వేరే ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

2021, 2022 నాటికి భాషా నమూనాల కాలం వచ్చింది. వాక్యంలో ఒక పదం దాచి దాన్ని ఊహించమనే పద్ధతినే యాంటీబాడీ వరుసలకు వాడి యాంటీబెర్టీ, యాంటీబెర్టా, ఏబ్‌లాంగ్ వంటి నమూనాలను తయారుచేశారు. కోట్ల వరుసలు చూపి, కొన్ని అమైనో ఆమ్లాలను దాచి, అక్కడ ఏముంటుందో చెప్పమంటారు. ఎవరూ ఏ లేబులూ ఇవ్వకుండానే ఇవి కొన్ని విషయాలు పట్టేశాయి. ఏ జన్యు కుటుంబానికి చెందిందో, పుట్టినప్పటి నుంచి ఎంత మారిందో వాటి లోపలి లెక్కల్లో గుంపులుగా కనిపించింది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. యాంటీబాడీ వరుసలో ఎక్కువ భాగం జన్యువుల నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంటుంది. దాచిన అక్షరం ఏమిటని అడిగితే జన్యువులో ఉన్నదే చెప్పడం చాలాసార్లు సరైన జవాబవుతుంది. క్రిమితో పోరాడి సంపాదించుకున్న మార్పులే మనకు కావాలి, నమూనాకు అవే అరుదైన మినహాయింపులుగా కనిపిస్తాయి. ఏబ్‌లాంగ్ తయారుచేసిన ఆక్స్‌ఫర్డ్ బృందమే ఈ పక్షపాతాన్ని ఎత్తిచూపి, దాన్ని తగ్గించే రెండో రూపాన్ని తెచ్చింది. తమ పనిలోని లోటును తామే చెప్పి సవరించుకోవడం మెచ్చుకోదగ్గ పద్ధతి.

భాషా నమూనాల పక్షాన బలమైన సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రయన్ హీ, పీటర్ కిమ్ బృందం యాంటీబాడీల కోసం ప్రత్యేకించి తయారుచేయని, అన్ని రకాల ప్రొటీన్ల మీద శిక్షణ పొందిన నమూనాలను తీసుకుంది. ఏ క్రిమి అన్నది చెప్పకుండా, ఈ యాంటీబాడీలో ఏ మార్పులు సహజంగా అనిపిస్తాయో చెప్పమంది. ఒక్కో యాంటీబాడీకి 20కి మించకుండా రూపాలను ప్రయోగశాలలో రెండు విడతలుగా పరీక్షించారు. అప్పటికే బాగా పరిణతి చెందిన యాంటీబాడీల పట్టు 7 రెట్ల వరకు, ఇంకా పరిణతి చెందనివాటి పట్టు 160 రెట్ల వరకు పెరిగింది. గట్టి ఫలితమే. కానీ నమూనా చెప్పినది 'ఈ మార్పు ప్రొటీన్‌గా నిలబడుతుంది' అని మాత్రమే. పట్టు పెరిగిందో లేదో తేల్చింది ప్రయోగమే. పైగా మొదటి యాంటీబాడీ ఏ క్రిమిని పట్టుకుంటుందో మనుషులకు ముందే తెలుసు.

అసలు కష్టమైన ప్రశ్న, ఏది దేన్ని పట్టుకుంటుందన్నది, ఇక్కడ మొదలవుతుంది. దీని మీద వచ్చిన పనుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బోధపడుతుంది.

మొదటిది జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో సాయి రెడ్డి బృందం 2021లో ప్రచురించినది. రొమ్ము క్యాన్సర్‌లో వాడే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీని తీసుకుని, దాని మెలికలో మార్పులు చేసి దాదాపు 10,000 రూపాలు కణాల్లో తయారుచేశారు. హెర్2 అనే లక్ష్యాన్ని ఏవి పట్టుకున్నాయో, ఏవి పట్టుకోలేదో వేరుచేసి రెండు గుంపుల వరుసలనూ చదివారు. వాటితో శిక్షణ పొందిన నమూనా కంప్యూటర్‌లోనే 10 కోట్ల ఊహా రూపాలను జల్లించి, అందులో దాదాపు 10 లక్షలు హెర్2ను పట్టుకుంటాయని చెప్పింది. వాటిలోంచి యాదృచ్ఛికంగా 30 తీసి నిజంగా తయారుచేసి చూశారు. 30కి 30 పట్టుకున్నాయి.

రెండోది 2022లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని నికొలస్ వూ బృందం చేసినది. కోవిడ్ మొదటి రెండేళ్లలో ప్రపంచమంతా ప్రచురించిన 88 పరిశోధన పత్రాలు, 13 పేటెంట్లు వెతికి, కరోనా వైరస్‌ను పట్టుకునే దాదాపు 8,000 యాంటీబాడీలను ఒకచోట చేర్చారు. ఇవి 200 మందికి పైగా దాతల నుంచి వచ్చినవి. వేర్వేరు దేశాల మనుషుల్లో ఒకే రకం జన్యు ముక్కలు, ఒకే తరహా మెలికలు మళ్లీ మళ్లీ రావడం అందులో స్పష్టంగా కనిపించింది. ఆ సమాచారంతో శిక్షణ ఇస్తే నమూనా కరోనా స్పైక్ ప్రొటీన్‌ను పట్టుకునేవాటిని ఫ్లూ ప్రొటీన్‌ను పట్టుకునేవాటి నుంచి విడదీయగలిగింది. ఈ పట్టికను పోగుచేయడం ఎంత ఓపిక పనో ఊహించవచ్చు. ఒక్కో పత్రంలో ఒక్కో తీరున, కొన్నిచోట్ల అనుబంధ పట్టికల అడుగున దాగిన వరుసలవి. అందుకే ఆ నమూనా కన్నా ఆ పట్టికే విలువైనదని నేననుకుంటాను.

ఈ రెండింటి మధ్య తేడా ఏమిటి? జ్యూరిక్ వాళ్ల దగ్గర 'అవును', 'కాదు' రెండూ ఒకే గదిలో, ఒకే పద్ధతిలో, ఒకే రోజుల్లో వచ్చాయి. ప్రశ్న కూడా ఇరుకైనది: ఒకే యాంటీబాడీ, ఒకే లక్ష్యం. ఇల్లినాయ్ వాళ్ల ప్రశ్న వెడల్పైనది, కానీ అందులో నిజమైన 'కాదు' లేదు. ఫ్లూ యాంటీబాడీ కరోనాను పట్టుకోదని అనుకోవడమే తప్ప ఒక్కొక్కదాన్నీ పరీక్షించి రాసినది కాదు. పైగా కరోనావి ఒక తరహా ప్రయోగశాలల నుంచి, ఫ్లూవి మరో తరహా ప్రయోగశాలల నుంచి వచ్చాయి. నమూనా వైరస్‌ల మధ్య తేడా ఎంత నేర్చుకుందో, కణాలను ఏరుకునే పద్ధతుల మధ్య తేడా ఎంత నేర్చుకుందో విడదీయడం కష్టం. మూడో వైరస్ యాంటీబాడీని ఇస్తే ఏం చెబుతుంది? తనకు తెలిసిన రెండు అరల్లో ఏదో ఒకదాంట్లో పడేస్తుంది. ఆసుపత్రికి వచ్చే రక్తంలో ఉండేది రెండు రకాలు కాదు, లెక్కలేనన్ని.

దీనికి తోడు ఈ రంగం మొత్తాన్నీ వేధించే ఒక లోపం ఉంది. ఒకే బి కణ వంశం నుంచి వచ్చిన యాంటీబాడీలు తోబుట్టువుల్లా దాదాపు ఒకేలా ఉంటాయి. సమాచారాన్ని యాదృచ్ఛికంగా శిక్షణకు సగం, పరీక్షకు సగం పంచితే అక్కలు శిక్షణలోకి, చెల్లెళ్లు పరీక్షలోకి వెళతాయి. నమూనాకు మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, కొత్త రోగి రక్తం ఎదురైతే చతికిలపడుతుంది. వంశాలవారీగా, వీలైతే దాతలవారీగా, ఇంకా వీలైతే ప్రయోగశాలలవారీగా విడదీసి పరీక్షించని పత్రంలో 95 శాతం అని కనిపించినా నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ రేపు ఒక రోగి చికిత్స ఆ అంకె మీద ఆధారపడుతుంది.

'కాదు' అనే జవాబు ఎంత ముఖ్యమో ఆస్లోలో విక్టర్ గ్రైఫ్ బృందం లోతుగా పరిశీలించింది. నిజమైన సమాచారం చాలనందున వాళ్లు 2022లో కృత్రిమంగా ఒక ప్రపంచాన్ని నిర్మించారు. 159 లక్ష్యాలు, వాటితో యాంటీబాడీలు జతపడే తీరులు 100 కోట్లు, అన్నీ కంప్యూటర్‌లోనే లెక్కగట్టినవి. అందులో ప్రతి జవాబూ తెలుసు కాబట్టి, నమూనా నిజంగా సూత్రం నేర్చుకుందా లేక అడ్డదారి పట్టిందా అని పరీక్షించవచ్చు. ఆ తర్వాతి పనుల్లో తేలినదేమంటే, శిక్షణలో 'కాదు' గుంపును ఎలా ఎంచుకున్నారన్న దాన్ని బట్టి నమూనా నేర్చుకునే సూత్రమే మారిపోతుంది. ఏమాత్రం సంబంధం లేని యాంటీబాడీలను 'కాదు' గుంపులో పెడితే విడదీయడం తేలిక, నేర్చుకునేది తక్కువ. కొద్దిలో పట్టు తప్పినవాటిని పెడితే విడదీయడం కష్టం, నేర్చుకున్నది మాత్రం కొత్త చోట పనికొస్తుంది.

నిజమైన జవాబులను పెంచే దారులు లేకపోలేదు. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఐవెలిన్ జార్జియేవ్ బృందం లిబ్రా-సీక్ అనే పద్ధతి తెచ్చింది. ఒక్కో క్రిమి ప్రొటీన్‌కు ఒక్కో డీఎన్‌ఏ గుర్తు తగిలించి, అన్నిటినీ కలిపి బి కణాల మధ్య వదులుతారు. తర్వాత ఒక్కో కణాన్నీ చదివితే, ఆ కణం యాంటీబాడీ వరుసతోపాటు అది ఏ క్రిమి ప్రొటీన్లను పట్టుకుందో, వేటిని వదిలేసిందో ఒకేసారి తెలుస్తుంది. అవును, కాదు రెండూ ఒకే కణం నుంచి వస్తాయి. వర్గీకరణ నమూనాలకు ఇటీవలి కాలంలో దొరికిన మేలైన ఆహారం ఇలాంటి ప్రయోగాలదే.

వరుస చూసి ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ వచ్చింది కదా, దానితో సరిపోదా అని అడిగేవారున్నారు. ఆ పని గొప్పది, 2024 రసాయన నోబెల్‌లో అందుకు వాటా దక్కింది. అయితే ఆల్ఫాఫోల్డ్ బలం చాలావరకు పరిణామంలో జంటగా మారిన ప్రొటీన్ల జాడల నుంచి వస్తుంది. యాంటీబాడీ, క్రిమి అలా కోట్ల ఏళ్లు కలిసి మారినవి కావు. ఒకరి ఒంట్లో కొన్ని వారాల్లో ఏర్పడే బంధమది. 2024 నాటి మూడో రూపం మెరుగైన మాట నిజమే కానీ, యాంటీబాడీల విషయంలో సరైన జత దొరకాలంటే ఇప్పటికీ ఎన్నోసార్లు నడిపి, వచ్చినవాటిలో ఏరుకోవాలి.

పట్టుకోవడమే ముఖ్యం అనుకున్నా అక్కడితో కథ అయిపోదు. పట్టుకున్న ప్రతి యాంటీబాడీ మేలు చేయదు. దీనికి డెంగీని మించిన ఉదాహరణ లేదు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గిన మనిషికి మరో రకం సోకినప్పుడు, పాత యాంటీబాడీలు కొన్ని కొత్త వైరస్‌ను పట్టుకుంటాయి కానీ అదుపు చేయలేవు. పైగా వైరస్‌ను తెల్ల రక్తకణాల్లోకి తీసుకెళ్లడానికి తోడ్పడతాయి. నికరాగ్వా పిల్లల్లో ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం 2017లో ఒక కీలకమైన విషయం చూపింది. యాంటీబాడీలు బాగా ఉన్న పిల్లలకు రక్షణ, అసలు లేనివారికి మామూలు ప్రమాదం, మధ్యస్థంగా ఉన్నవారికే తీవ్ర డెంగీ ముప్పు ఎక్కువ. అదే ఏడాది ఫిలిప్పీన్స్ బడిపిల్లలకు ఇస్తున్న డెంగీ టీకా కార్యక్రమం నిలిచిపోయింది, అంతకుముందు డెంగీ సోకని పిల్లల్లో ఆ టీకా ముప్పు పెంచుతుందని తయారీదారే ప్రకటించాక. వైరస్ మీద ఒకచోట అతుక్కునే యాంటీబాడీలు నాలుగు రకాలనూ పట్టుకుని గట్టిగా అదుపు చేస్తాయి. మరోచోట అతుక్కునేవి కూడా నాలుగింటినీ పట్టుకుంటాయి, అదుపు మాత్రం అంతంతే. 'పట్టుకుంటుంది' అనే ఒక్క లేబుల్‌తో శిక్షణ ఇస్తే యంత్రం ఈ రెండింటినీ ఒకే అరలో పెడుతుంది. ఏటా వానాకాలంలో డెంగీ వార్డులు నిండే మన ఊళ్లకు ఇది దూరపు సంగతి కాదు.

ఇక లేబుల్ చవగ్గా దొరికే చోట ఏం జరిగిందో చూద్దాం. 1986లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ (ఒకే కణ వంశం నుంచి తీసిన) యాంటీబాడీ మందు ఎలుకది. రోగుల శరీరాలు దాన్ని పరాయిదిగా గుర్తించి ఎదురుతిరిగేవి. అందుకని ఒక యాంటీబాడీ మనిషి యాంటీబాడీలకు ఎంత దగ్గరగా ఉందో కొలవడం మందుల తయారీలో తప్పనిసరి అయింది. ఇక్కడ లేబుల్ ఉచితం: ఈ వరుస మనిషి రక్తంలోది, ఆ వరుస ఎలుక రక్తంలోది అని రక్తం తీసుకున్నప్పుడే తెలుసు. 2021, 2022లలో వచ్చిన హ్యూ-మ్యాబ్, బయోఫై వంటి సాధనాలు ఈ పని చక్కగా చేస్తున్నాయి.

అలాగే స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ బాయిడ్, అన్షుల్ కుందాజే బృందం 2025లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పని. దాదాపు 600 మంది రక్తంలోని బి కణాలు, రోగనిరోధక వ్యవస్థలోనే మరో రకమైన టి కణాల గ్రాహకాల (లక్ష్యాన్ని పట్టుకునే ప్రొటీన్ల) వరుసలు చదివి, ఆ మనిషికి కోవిడ్ ఉందా, హెచ్‌ఐవీనా, లూపస్సా, టైప్ 1 మధుమేహమా, ఈమధ్య ఫ్లూ టీకా వేసుకున్నారా, ఆరోగ్యవంతులా అని ఒకే పరీక్షతో చెప్పే ప్రయత్నమిది. వర్గాలను వేరుచేసే శక్తిని 0 నుంచి 1 వరకు కొలిచే కొలమానంలో 0.98కి పైన వచ్చింది. వయసు, లింగం, వంశ మూలాల తేడాల వల్లే ఈ ఫలితం వచ్చిందేమోనని వాళ్లే అనుమానించి పరీక్షించుకున్నారు. ఏ యాంటీబాడీ దేన్ని పట్టుకుంటుందో ఇందులో ఎవరికీ తెలియనక్కర్లేదు. లేబుల్ మనిషిది, యాంటీబాడీది కాదు. అది ఆసుపత్రి కాగితాల్లోనే ఉంది.

నాకు ఈ పని మీద ఎంతో ఆశ ఉంది. లూపస్ వంటి జబ్బులు నిర్ధారణ కాక ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అలసిపోయే రోగులున్నారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. అయినా దీన్ని ఊరికొక ల్యాబ్‌లో పెట్టే ముందు ఒక లెక్క వేసుకోవాలి. లక్షమందిలో 100 మందికి ఉండే జబ్బు అనుకోండి. పరీక్ష రోగుల్లో 99 శాతాన్నీ, ఆరోగ్యవంతుల్లో 99 శాతాన్నీ సరిగ్గా గుర్తిస్తుందనుకోండి. అందరికీ చేస్తే 99 మంది రోగులు బయటపడతారు, వారితోపాటు జబ్బు లేని 999 మందికి జబ్బుందని చెబుతుంది. లక్షణాలున్నవారికి, వైద్యుడు అనుమానించినవారికి చేస్తేనే ఇది మేలు చేస్తుంది.

బెన్స్ జోన్స్ చూసిన ఆ తేలిక గొలుసుల దగ్గరికి ఇంకోసారి వెళ్లాలి. కొందరు రోగుల్లో అవి మడతలు తప్పి గుండెలో, మూత్రపిండాల్లో పేరుకుపోతాయి. ఆ జబ్బు పేరు ఏఎల్ అమిలాయిడోసిస్. ఒక్కో రోగి గొలుసు వరుస ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఏది పేరుకుంటుందో ముందే చెప్పడం కష్టం. స్విట్జర్లాండ్‌లోని బెల్లిన్జోనాలో ఆండ్రియా కవల్లి బృందం 2021లో లిక్టర్ అనే వర్గీకరణ సాధనం తెచ్చింది. పుట్టుకతో వచ్చిన జన్యువు నుంచి ఏయే స్థానాల్లో మార్పు వచ్చిందన్నదే అది చూస్తుంది. హాని చేసేవాటిలో 76 శాతాన్ని, చేయనివాటిలో 82 శాతాన్ని సరిగ్గా గుర్తించింది. అంకెలు మిరుమిట్లు గొలిపేవి కావు. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. యంత్రం వేలు చూపిన రెండు మార్పులను వెనక్కి తిప్పి, ఆ గొలుసును సూక్ష్మ పురుగుల మీద పరీక్షిస్తే విషగుణం పోయింది. వర్గీకరణ 'ఇది చెడ్డది' అనడంతో ఆగకుండా ఎక్కడ చెడిందో చెప్పింది, ప్రయోగం దాన్ని రుజువు చేసింది. ఈ మొత్తం సాహిత్యంలో వైద్యానికి అత్యంత దగ్గరగా నిలిచే పని ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

మందుల కంపెనీల ప్రశ్న వేరు. లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీ సీసాలో గడ్డకట్టకుండా, చిక్కబడకుండా, ఒంట్లో కొన్ని వారాలు నిలుస్తుందా అన్నది వాళ్లకు ముఖ్యం. 2017లో అడిమాబ్ కంపెనీ శాస్త్రవేత్తలు రోగులపై పరీక్షల దశకు చేరిన లేదా అనుమతి పొందిన 137 యాంటీబాడీలను 12 రకాల పరీక్షలకు పెట్టి ఫలితాలన్నీ బయటపెట్టారు. ఎన్నో నమూనాలు ఇప్పటికీ ఆ 137 మీదే శిక్షణ పొందుతున్నాయి. అవన్నీ ఏదో ఒక దశ వరకు నెగ్గినవే. మొదట్లోనే విఫలమై కంపెనీల సొరుగుల్లో మిగిలిపోయినవి వాటికంటే ఎన్నో రెట్లు ఉంటాయి, వాటి వరుసలు బయటికి రావు. ఇక్కడ కూడా లోటు 'కాదు' దగ్గరే. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు తన రూపాన్ని రెడిటక్స్ పేరుతో తెచ్చి, అంతవరకు అందని మందును ఎందరికో అందుబాటులోకి తెచ్చింది. కానీ అలాంటి మందుల్లో ఏ యాంటీబాడీ పనికొస్తుందన్న ఎంపిక అప్పటికే మరొకరు చేసి పెట్టినది. కొత్త యాంటీబాడీలను ఇక్కడే కనిపెట్టాలంటే ఆ ఎంపిక భారం మన మీద పడుతుంది, ఆ సమాచారం మనమే పుట్టించుకోవాలి.

చివరగా, పట్టికల్లో ఎవరి రక్తం ఉంది? 2023లో అమెరికాలో కోరీ వాట్సన్ బృందం 154 మంది భారీ గొలుసు జన్యు ప్రాంతాన్ని పొడవైన ముక్కలుగా చదివి, ఆ ప్రాంతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలే వారి యాంటీబాడీల ఎంపికను చాలా మేరకు నిర్ణయిస్తాయని చూపింది. అంటే ఒక జనసమూహం జన్యు రూపాలు పట్టికలో లేకపోతే, వారి ఒంట్లో పుట్టుకతోనే ఉన్న అక్షరాన్ని యంత్రం ఉత్పరివర్తనంగా పొరబడుతుంది. తెలుగువారు ప్రపంచ జన్యు పట్టికల్లో లేకపోలేదు. వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో బ్రిటన్‌లోని తెలుగువారికి ఒక ప్రత్యేక సమూహమే ఉంది. అయితే ఆ ప్రాజెక్టు డీఎన్‌ఏలో అధిక భాగం వచ్చింది ప్రయోగశాలలో పెంచిన బి కణాల నుంచి. బి కణం యాంటీబాడీ ముక్కలను అప్పటికే కత్తిరించి అతికించుకుని ఉంటుంది. మిగతా జన్యువులన్నిటికీ పనికొచ్చే ఆ కణాలు సరిగ్గా ఈ ఒక్క ప్రాంతానికి నమ్మదగినవి కావు. పైగా పొట్టి ముక్కలుగా చదివే పద్ధతికి, ఒకదాన్నొకటి పోలిన జన్యువులతో నిండిన ఈ ప్రాంతం అందదు. హైదరాబాద్ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా దాదాపు 10,000 మంది జన్యుపటాలను చదివింది. వారిలోంచి కొన్ని వందల మందినైనా ఎంచి, ఈ ఒక్క ప్రాంతాన్ని రక్తం నుంచి నేరుగా, పొడవైన ముక్కలుగా చదివితే పట్టికలోని ఆ ఖాళీ నిండుతుంది.

దానితోపాటు డెంగీ నుంచి కోలుకున్న మనవాళ్ల బి కణాలను నాలుగు రకాల వైరస్ ప్రొటీన్లకూ ఒకేసారి చూపించి, పట్టుకున్నవీ పట్టుకోనివీ, అదుపు చేసినవీ ముప్పు పెంచినవీ అన్నీ విడివిడిగా రాసి బయటపెట్టాలి. అందుకు కావలసిన పరికరాలు, చదివే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి, నమూనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బు పెట్టాల్సింది కణాలను వేరుచేసే చేతులకు, ఒక్కో యాంటీబాడీని తయారుచేసి పరీక్షించే రోజులకు, విఫలమైన ఫలితాన్ని కూడా పట్టికలో ఎక్కించే ఓపికకు.